మెక్సికో విడి లీగ్ తొలి సీజన్ (2020-21): జీతాల గొడవే పుట్టించింది, జీతాల గొడవే కుంగదీసింది

ఉత్తరాంధ్ర_ఫార్వర్డ్:
యూరప్ లీగుల మీద ఇక్కడ థ్రెడ్‌లకు కొదవ లేదు. అందుకే ఎవరూ ముట్టుకోని లీగొకటి పట్టుకొచ్చాను. పేరు లీగా దే బాలొంపియే మెక్సికానో, పొట్టిగా ఎల్‌బీఎం. 2020 అక్టోబర్‌లో మొదలైంది. మెక్సికో ఫుట్‌బాల్ ఫెడరేషన్‌తో గానీ ఫిఫాతో గానీ దానికి సంబంధం లేదు. సొంతంగా ఒక జాతీయ సంఘం పెట్టుకుని, ఫిఫాలో చోటు లేని జట్లు చేరే కోనిఫా గొడుగు కిందికి వెళ్లారు. తొలి కప్పు వహాకా నగరం జట్టు చపులినేరోస్‌ది. ఫైనల్లో ఓడింది అత్లెతికో వెరాక్రూజ్.

నన్ను పట్టుకున్నది ఆ ఫలితం కాదు. ఆ లీగ్ అధ్యక్ష కుర్చీలో కూర్చున్న మనిషి.

కార్లోస్ సాల్సిదో. లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్. 2006, 2010, 2014 మూడు ప్రపంచ కప్పులాడాడు. నెదర్లాండ్స్ క్లబ్బు పీఎస్‌వీకి, ఇంగ్లండ్ క్లబ్బు ఫుల్హమ్‌కి ఆడాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన మెక్సికో జట్టులో వయసు పరిమితి దాటిన ముగ్గురిలో ఒకడు. అంతటివాడు చివరికి వెరాక్రూజ్ క్లబ్బు తీబురోనెస్ రోహోస్‌కి చేరి, అక్కడ నెలల తరబడి జీతం రాని జట్టులో ఇరుక్కున్నాడు. 2019 అక్టోబర్ 18న తీగ్రెస్‌తో మ్యాచ్. విజిల్ మోగింది, వెరాక్రూజ్ ఆటగాళ్లు కదల్లేదు. జీతాలివ్వనందుకు నిరసన. అవతలి జట్టు కాసేపు బంతిని అటూ ఇటూ తన్నుకుని, తర్వాత నిలబడ్డవాళ్ల మధ్య నుంచే వెళ్లి గోల్ కొట్టింది. ఆ మ్యాచ్ 3-1తో పోయింది. డిసెంబర్‌లో ఫెడరేషన్ ఆ క్లబ్బు సభ్యత్వమే రద్దు చేసింది.

ఏడాది తిరక్కుండా ఆ సాల్సిదోనే కొత్త లీగ్ ముఖచిత్రం అయ్యాడు. ఆ లీగ్ తొలి సీజన్ సగంలోకి రాకముందే ఏం వినపడిందో ఊహించండి. కొన్ని క్లబ్బుల్లో ఆటగాళ్లకు జీతాలు అందడం లేదని. మధ్యలోనే కొన్ని జట్లు తప్పుకున్నాయి. మొదలైన జట్లన్నీ చివరిదాకా లేవు.

నా ప్రశ్న ఒక్కటే. జీతం ఎగ్గొట్టిన క్లబ్బు బాధ ప్రత్యక్షంగా పడిన మనిషి నాయకత్వం వహించినా అదే రోగం ఎందుకు అంటుకుంది? ఆట నాణ్యత మీద వాదన నాకొద్దు. అది ఎవరైనా చెప్తారు.

ఓరుగల్లు_10:
అన్నా, ఆగు. మెక్సికో లీగ్ అంటే అమెరికా, చీవాస్, క్రూజ్ అజుల్ ఆడే లీగా ఎమ్మెక్స్ కదా. ఇదేంది మల్ల? ఒక్క దేశంల రెండు ప్రొఫెషనల్ లీగులు ఎట్ల నడుస్తయి? ఫెడరేషన్ ఊకుంటదా?

డల్లాస్_చంద్రం:
ఓరుగల్లు తమ్ముడూ, నేను చెప్తా. ఇక్కడ మా ఊళ్లో సగం జనాభాకు లీగా ఎమ్మెక్స్ అంటే ప్రాణం. మా ఆఫీసులో మెక్సికో వాళ్లతో మధ్యాహ్నం భోజనాల దగ్గర నాకు అబ్బిన జ్ఞానమే ఇదంతా.

2020 ముందు మెక్సికోలో పై డివిజన్ కింద అసెన్సో ఎమ్మెక్స్ అనే రెండో డివిజన్ ఉండేది. అసెన్సో అంటేనే పైకెక్కడం. అక్కడ గెలిచినవాడు పైకి, పైన ఓడినవాడు కిందికి. కాగితం మీద బాగుంది. అసలు సంగతి వేరు. పైనుంచి కిందికి దిగేది ఆ ఏడాది చివరి స్థానంలో ఉన్నవాడు కాదు, మూడేళ్ల పాయింట్ల సగటు తక్కువ ఉన్నవాడు. కింద గెలిచినవాడు కూడా స్టేడియం, లెక్కల పత్రాలు అన్నీ ఉన్నాయని ధ్రువీకరణ తెచ్చుకోవాలి. 2019లో ఇదే వెరాక్రూజ్ కిందికి దిగాల్సి ఉండగా 12 కోట్ల పెసోలు కట్టి పైనే ఉండిపోయింది. అంటే జీతాలివ్వలేని క్లబ్బు, ఆ సొమ్ము మాత్రం కట్టింది. ఆట ఎలా ఉందో చూడండి: ఏడాదికి పైగా లీగులో వరుసగా 41 మ్యాచులు గెలుపు లేకుండా. నవంబర్‌లో పుఎబ్లా మీద 1-0తో గెలిచినప్పుడు జనం కప్పు గెలిచినట్టు సంబరపడ్డారు.

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మధ్యలో, ఓనర్లంతా కూర్చుని అసెన్సోని ఎత్తేశారు. దాని చోట లీగా దే ఎక్స్‌పాన్షన్ పెట్టారు. ఎక్కడం, దిగడం 2026 దాకా బంద్. బదులుగా కింది క్లబ్బులకు ఒక్కోదానికి ఏటా 2 కోట్ల పెసోల సాయం. కింది ఊళ్లకు పై మెట్టు తీసేసి, దారి ఖర్చు మాత్రం చేతిలో పెట్టారన్నమాట. కొద్ది వారాల తర్వాతే మొరేలియా ఊరి పై డివిజన్ జట్టును మజత్లాన్ అనే వేరే ఊరికి తరలించేశారు. డెబ్భై ఏళ్లుగా ఉన్న అభిమానులు ఒక్క ప్రకటనతో జట్టు లేనివాళ్లయ్యారు.

ఈ వాతావరణంలో ఒకడొచ్చి "మా దగ్గర ఫీజు తక్కువ, ఫెడరేషన్ పెత్తనం లేదు, మీ ఊరి జట్టు తెచ్చుకోండి" అంటే చెవి పెట్టరా మరి?

ఉత్తరాంధ్ర_ఫార్వర్డ్:
చంద్రం గారు, చిన్న సవరణ. ఎల్‌బీఎం ఆలోచన ఏప్రిల్ నిర్ణయం కంటే ముందే, 2020 మొదట్లోనే బయటికొచ్చింది. కాబట్టి అసెన్సో రద్దు దాన్ని పుట్టించలేదు. కానీ రద్దు తర్వాత ఆ లీగ్ కోసం ఎదురుచూసే ఊళ్లు అమాంతం పెరిగాయి. వెరాక్రూజ్‌లాంటి ఊరు, అక్కడ పెద్ద జట్టు పోయి ఆరు నెలలు కాలేదు. ఖాళీగా ఉన్న అభిమానులు దొరికారు లీగుకి.

నిజాం_కాలేజ్_గ్రౌండ్:
ఇది చదువుతుంటే మనకు తెలిసిన కథే గుర్తొస్తోంది. ఐసీఎల్, ఇండియన్ క్రికెట్ లీగ్. 2007లో టీవీ హక్కులు దక్కని జీ వాళ్లు బీసీసీఐకి పోటీగా పెట్టిన క్రికెట్ లీగ్. మన హైదరాబాద్ హీరోస్ ఉండేది కదా, క్రిస్ హారిస్ కెప్టెన్, అబ్దుల్ రజాక్, నికీ బోయే, మన అంబటి రాయుడు. 2008లో ట్వంటీ20 కప్పు కూడా కొట్టారు, ఫైనల్స్‌లో లాహోర్ బాద్షాస్ మీద.

బీసీసీఐ తన మైదానాలివ్వలేదు. అందుకని మొదటి టోర్నీ హర్యానాలోని పంచకులలో. తర్వాత మన ఎల్‌బీ స్టేడియంలో ఆడారు, అది ప్రభుత్వ క్రీడా సంస్థది కాబట్టి. ఆడినవాళ్ల మీద నిషేధం. కపిల్ దేవ్ అంతటివాడికి క్రికెట్ అకాడమీ పదవి పోయింది. 2009లో "ఐసీఎల్ వదిలేసి రండి, క్షమిస్తాం" అన్నారు, డెబ్భై పైచిలుకు ఆటగాళ్లు వెనక్కొచ్చారు. రాయుడు తర్వాతి ఏడాది ముంబై ఇండియన్స్‌లో తేలాడు. మిగిలినవాళ్లలో ఎందరికో బకాయిలు అందక ఆటగాళ్ల సంఘాలు నోరు విప్పాల్సి వచ్చింది.

నాకు గుర్తున్నంతలో ఆ మ్యాచులు చూడటానికి బాగుండేవి. సమస్య ఆటది కాదు. సంఘం గుర్తింపు లేని లీగులో ఆటగాడికి రేపు అనేది ఉండదు.

బెజవాడ_బాల్‌బాయ్:
ఐపీఎల్ కోసం ఐసీఎల్‌ని చంపేశారు, అంతే కదండీ. ఐపీఎల్ అనేదే అసలు...

మోడరేటర్_2:
ఇక్కడితో ఆపండి. ఐపీఎల్ మీద గొడవకు విడిగా మూడు థ్రెడ్‌లున్నాయి. ఇది మెక్సికో.

గోల్‌కీపర్_సుజాత:
ఫార్వర్డ్ గారు అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు ఇంకా. సాల్సిదో మంచివాడా, చెడ్డవాడా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. నేను ఒక కంపెనీలో పేరోల్ చూస్తాను, కాబట్టి నా కళ్లు అటే పోతాయి.

ఎల్‌బీఎంలో జీతం ఇవ్వాల్సింది లీగ్ కాదు, క్లబ్బు. క్లబ్బు ఓనర్ చేతిలో డబ్బుందో లేదో లీగ్ ముందు చూసిందా? ప్రవేశ రుసుము తక్కువ పెట్టడం వాళ్ల గొప్పగా చెప్పుకున్నారు. అదే వాళ్ల బలహీనత. రుసుము తక్కువ అయితే సీజన్ మొత్తం ఖర్చు మోయలేనివాడు కూడా లోపలికొస్తాడు. నెల గడవగానే బస్సు చార్జీలు, హోటల్, రిఫరీ ఫీజు, బట్టలు, డాక్టరు. వీటిలో దేనికి డబ్బు కట్టకపోయినా మ్యాచ్ ఆగిపోతుంది. జీతం ఆపితే మ్యాచ్ ఆగదు, ఆటగాడు ఇంకో నెల ఆశతో ఆడతాడు. అందుకే ప్రతి చిన్న క్లబ్బులోనూ ముందు ఆగేది జీతమే. ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు దీనికి.

ఇక 2020 అక్టోబర్ అంటే ఏ నెలో గుర్తు తెచ్చుకోండి. గేటు డబ్బు లేదు. పై లీగే దాదాపుగా ప్రేక్షకులు లేకుండా నడుస్తోంది, అంతకు ముందు మే నెలలో క్లౌసురా టోర్నీని, అంటే సీజన్ రెండో సగాన్ని, విజేత లేకుండానే రద్దు చేసుకుంది. వాళ్లకైతే టీవీ డబ్బు ఉంది, తట్టుకున్నారు. కొత్త లీగుకి టికెట్టే ఆదాయం, ఆ టికెట్టే లేదు.

అసలైన దెబ్బ ఇంకోటి. ఫిఫా కింద ఉన్న క్లబ్బు జీతం ఎగ్గొడితే ఆటగాడు వెళ్లడానికి తలుపులున్నాయి. ఫెడరేషన్ వివాదాల కమిషన్ ఉంది, విదేశీ ఆటగాడైతే ఫిఫా దాకా పోవచ్చు, క్లబ్బుకి కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడుతుంది. 2020 ఫిబ్రవరిలోనే ఫిఫా, ఆటగాళ్ల ప్రపంచ సంఘం కలిసి జీతాలు అందనివాళ్ల కోసం 1.6 కోట్ల డాలర్ల నిధి పెట్టాయి. ఎల్‌బీఎం ఆటగాడికి ఇవేవీ లేవు. అతనికి మిగిలింది మామూలు కార్మిక న్యాయస్థానం. మెక్సికో కార్మిక చట్టంలో ప్రొఫెషనల్ క్రీడాకారులకు విడి అధ్యాయమే ఉంది, 292వ అధికరణం నుంచి మొదలవుతుంది. బానే ఉంది. కానీ కేసు తేలేలోగా ఆటగాడి కాళ్లకు వయసైపోతుంది, ఈలోగా క్లబ్బే ఉండదు.

ఓరుగల్లు_10:
సుజాతక్కా, సమజైంది. గని ఒక డౌటు. అట్లయితే ఆటగాళ్లు పోనే పోవద్దు గదా ఆ లీగుకు? ఫెడరేషన్ కింద అన్ని తలుపులున్నయంటున్నవు. మరి ఎందుకు పోయిన్రు?

డల్లాస్_చంద్రం:
ఆ తలుపులన్నీ తెరుచుకుని ఉంటాయని ఎవరన్నారు తమ్ముడూ?

మెక్సికోలో చాలా ఏళ్లు ఒక పద్ధతి నడిచింది. సీజన్ల మధ్య ఓనర్లంతా కాన్‌కూన్ లాంటి చోట రిసార్టులో కూడి, ఆటగాళ్లను ఒకరికొకరు అమ్ముకునేవారు. దానికి అక్కడి జనం పెట్టిన పేరు "కాళ్ల సంత". దాంతోపాటు "పెద్దమనుషుల ఒప్పందం" ఒకటి. కాగితం మీద ఎక్కడా ఉండదు. ఆటగాడి కాంట్రాక్ట్ అయిపోయినా సరే, కొత్త క్లబ్బు పాత క్లబ్బుకి డబ్బు ముట్టజెప్పాలి. పాత క్లబ్బు ఒప్పుకోకపోతే ఆ ఆటగాణ్ణి ఎవడూ తీసుకోడు. అంటే కాంట్రాక్ట్ లేకపోయినా స్వేచ్ఛ లేదు.

ఇదేదో నేను మసాలా జోడించి చెప్తున్నది కాదు. 2021 సెప్టెంబర్‌లో మెక్సికో వ్యాపార పోటీ కమిషన్ దీని మీదే 17 క్లబ్బులకీ, ఫెడరేషన్‌కీ, కొందరు వ్యక్తులకీ కలిపి 17.76 కోట్ల పెసోల జరిమానా వేసింది.

గోల్‌కీపర్_సుజాత:
ఆ జరిమానా ఉత్తర్వులో సగం అమ్మాయిల గురించి, అది కూడా చెప్పండి చంద్రం గారు. మహిళల లీగ్ మొదలైనప్పుడు క్లబ్బులన్నీ కూడబలుక్కుని 23 ఏళ్లు దాటిన ఆటగత్తెకు నెలకు 2,000 పెసోలకు మించి ఇవ్వకూడదని పైపరిమితి పెట్టుకున్నాయి. మన లెక్కలో అప్పటికి ఏడు వేల రూపాయల లోపే. నాకు ఆ లైను చదివినప్పుడు వచ్చిన కోపం ఎల్‌బీఎం మీద ఎప్పుడూ రాలేదు.

డల్లాస్_చంద్రం:
నిజమే అమ్మా, అది నేను చెప్పాల్సింది.

బెజవాడ_బాల్‌బాయ్:
సరే, నా వంతు. అందరూ విడి లీగంటే పోయేదే అన్నట్టు మాట్లాడుతున్నారు. కొలంబియా చూడండి.

1948లో అర్జెంటీనాలో ఆటగాళ్లు సమ్మె చేశారు. ఎందుకు? మళ్లీ అదే, జీతాలూ, హక్కులూ. అదే ఏడాది కొలంబియాలో దిమయోర్ అనే ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. అక్కడి ఫెడరేషన్‌తో చెడింది, ఫిఫా వెలేసింది. వెలేయడమే వాళ్లకు వరమైంది. ఫిఫా బయట ఉన్నవాడు ఆటగాడి బదిలీకి పాత క్లబ్బుకి పైసా కట్టనక్కర్లేదు కదా! ఆ డబ్బంతా జీతాల్లో పెట్టారు. మియొనారియోస్ క్లబ్బుకి అర్జెంటీనా స్టార్లు కదిలొచ్చారు: పెదెర్నేరా వచ్చాడు, నెస్తోర్ రోసి వచ్చాడు, దీ స్తెఫానో వచ్చాడు. ఇంగ్లండ్‌లో అప్పటికి ఎంత గొప్ప ఆటగాడైనా వారానికి 12 పౌండ్లు దాటకూడదని రూలు. నీల్ ఫ్రాంక్లిన్, చార్లీ మిట్టెన్ లాంటివాళ్లు బొగోతా విమానమెక్కేశారు. ఆ కాలాన్ని ఇప్పటికీ అక్కడ ఎల్ దొరాదో అంటారు, బంగారు నగరం పేరు.

1951లో లిమాలో రాజీ. తెచ్చుకున్న ఆటగాళ్లను 1954 అక్టోబర్ దాకా ఉంచుకోవచ్చు, ఆ తర్వాత పంపించేయాలి. దీ స్తెఫానో తర్వాత రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడని మీకు చెప్పక్కర్లేదు.

అంటే విడి లీగ్ బతుకుతుంది. షరతు ఒక్కటే, ఎక్కువ జీతం ఇవ్వాలి. ఇస్తే ప్రపంచంలో గొప్పవాళ్లు కూడా నిషేధాన్ని లెక్కచేయరు.

ఉత్తరాంధ్ర_ఫార్వర్డ్:
బాల్‌బాయ్ చెప్పింది బాగుంది, అక్కడే తేడా కూడా తేలిపోయింది. కొలంబియా లీగ్ ఫిఫా బయట ఉండటాన్ని వాడుకుంది. బదిలీ రుసుము ఎగ్గొట్టడం దాని ఆయుధం. ఎల్‌బీఎంకి అలాంటి ఆయుధమే లేదు. వాళ్లు పెద్ద ఆటగాళ్లను లాక్కోలేదు. ఫెడరేషన్ ఏరిపారేసినవాళ్లు, కింది డివిజన్లలో చోటు పోయినవాళ్లు, వయసు మీద పడ్డవాళ్లు, ఇంకా ఎవరి కంటా పడని కుర్రాళ్లు. వాళ్లని ఎవరి దగ్గర్నుంచీ దొంగిలించనక్కర్లేదు.

అందుకే దీన్ని తిరుగుబాటు లీగ్ అనడానికి నాకు మనసొప్పదు. ఐసీఎల్ తిరుగుబాటు, దిమయోర్ తిరుగుబాటు. ఎదుటివాడి ఇంట్లోంచి ఏదో ఎత్తుకెళ్లాయి కాబట్టి ఎదుటివాడు కర్ర పట్టుకున్నాడు. ఎల్‌బీఎం మీద మెక్సికో ఫెడరేషన్ అంత పెద్ద యుద్ధమేమీ చేయలేదు. పెద్ద షాపింగ్ మాల్ వాడు పక్క సందులో టీ బండిని ఎందుకు పట్టించుకుంటాడు? ఆ నిర్లక్ష్యమే తొలి సీజన్‌కి పెద్ద దెబ్బ అని నా లెక్క. శత్రువు కొడితే పత్రికల్లో పడతావు, స్పాన్సర్ చూస్తాడు. ఎవరూ కొట్టకపోతే ఎవరికీ తెలియదు.

నిజాం_కాలేజ్_గ్రౌండ్:
ఇది ఒప్పుకోను. ఫెడరేషన్ కర్ర పట్టుకోకపోయినా, ఆ లీగులో ఆడి వెనక్కి వస్తే ఎవరు తీసుకుంటారన్న భయం ఆటగాడికి ఉంటుంది కదా. పైన చంద్రం గారు చెప్పిన పెద్దమనుషుల ఒప్పందం నడిచే దేశంలో నోటి మాట చాలు, నిషేధం ఉత్తర్వు అక్కర్లేదు.

ఉత్తరాంధ్ర_ఫార్వర్డ్:
భయం ఉంటుంది. కానీ ఆ లీగుకి వెళ్లినవాడికి వెనక ఏముందని వదులుకోవడానికి? అసెన్సో ఎత్తేశాక అతని ఉద్యోగం ముందే పోయింది.

ఓరుగల్లు_10:
నడుమల ఒక మాట. కోనిఫా అన్నరు కదా, గూగుల్ చేసిన. అందుల పంజాబ్ జట్టు ఉన్నదంట! 2016ల అబ్ఖాజియాల ఫైనల్ దాక పోయి పెనాల్టీలల్ల ఓడిపోయిన్రు. మనోళ్లే అని ఒక్కసారి ఛాతి ఉప్పొంగింది, చూస్తే అందరు ఇంగ్లండ్‌ల ఉండే పంజాబీలు.

బెజవాడ_బాల్‌బాయ్:
అవును, బ్రిటన్ పంజాబీలే. ఆ ఫైనల్లో చివరిదాకా ఆధిక్యంలో ఉండి సమం చేయించుకున్నారు పాపం. 2018లో లండన్‌లో జరిగినదాన్ని ఉక్రెయిన్‌లో ఉండే హంగేరియన్ల జట్టు కార్పాతాల్యా గెలిచింది, అది కూడా పెనాల్టీల మీదే. 2020ది ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో పెట్టాలనుకున్నారు, కోవిడ్ తినేసింది.

కానీ కోనిఫా ప్రాణమంతా జాతుల జట్లలో, దేశం లేనివాళ్ల జట్లలో ఉంది. సాప్మి, ఉత్తర సైప్రస్, తమిళ ఈలం, ఇలాంటివి. అక్కడ ఆడేవాళ్లు జీతం కోసం రారు. మెక్సికోకి దేశముంది, ఫెడరేషనుంది, అజ్తెకా స్టేడియముంది. అలాంటి చోటి క్లబ్బు లీగ్ ఈ గొడుగు కిందికి రావడం నాకైతే అతకలేదు. ఆ గొడుగు వాన ఆపేది కాదు. ఆటగాళ్ల బదిలీ పత్రం గానీ, జీతం తగువు తీర్చే కోర్టు గానీ కోనిఫా దగ్గర లేవు.

గోల్‌కీపర్_సుజాత:
సరిగ్గా ఇదే. ఫిఫా వద్దనుకుంటే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఫిఫా చేసే పనుల్లో ఆటగాడికి పనికొచ్చే ఆ ఒక్క పనిని మీరు సొంతంగా కట్టుకోవాలి.

డల్లాస్_చంద్రం:
విజేత గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? చపులినేరోస్! మా ఆఫీసులో వహాకా వాడొకడున్నాడు, ఈ పేరెత్తితే చాలు ముఖం వెలిగిపోతుంది. చపులీన్ అంటే మిడత. వహాకాలో మిడతల్ని వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు, మిరపకాయ వేసి పెనం మీద వేయించుకు తింటారు. సంతలో గంపల కొద్దీ పోసి అమ్ముతారు. ఒకసారి నాకూ పెట్టాడు. కరకరలాడుతుంది, పులుపు మీద ఉంటుంది, కాళ్లు మాత్రం పళ్లలో ఇరుక్కుంటాయి.

అదే ఊళ్లో ఫెడరేషన్ వైపు ఆలెబ్రీహేస్ అనే జట్టుంది. ఆలెబ్రీహేలంటే అక్కడి రంగురంగుల విచిత్ర జంతువుల బొమ్మలు, చెక్కతో చెక్కుతారు. అసెన్సోలో ఆడిన జట్టు, తర్వాత ఎక్స్‌పాన్షన్‌లోకి వెళ్లింది. అంటే 2020 చివర్లో వహాకాలో రెండు ప్రొఫెషనల్ జట్లు. ఒకదానికి ఫెడరేషన్ ముద్ర ఉంది, పై డివిజన్‌కి దారి లేదు. ఇంకోదానికి ముద్ర లేదు, కానీ అది తన లీగులో అన్నిటికన్నా పైన, జాతీయ చాంపియన్ అని చెప్పుకుంది. మా వహాకా వాణ్ణి నువ్వు ఎవరివైపు అనడిగితే, "కప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లవైపు" అంటాడు.

ఓరుగల్లు_10:
మిడతలా! చంద్రం అన్నా నువ్వు తిన్నవా నిజంగ? సర్వపిండి పంపిస్త, నోరు కడుక్కో.

డల్లాస్_చంద్రం:
సర్వపిండి పంపించు, మిడతలు మానను.

నిజాం_కాలేజ్_గ్రౌండ్:
మొరేలియా ముచ్చట చదివాక మనసులో మెదులుతున్నది చెప్పేస్తా. 2019లో పుణె సిటీ మూతపడితే ఆ ఐఎస్‌ఎల్ (మన దేశపు ఫుట్‌బాల్ లీగ్) ఫ్రాంచైజీ హైదరాబాద్ వచ్చింది. మనం పండగ చేసుకున్నాం. పుణె అభిమానుల గురించి ఒక్కడైనా ఆలోచించామా? 2021-22లో కప్పు కూడా గెలిచాం. తర్వాత జీతాలు రావట్లేదని ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, బదిలీల మీద నిషేధం పడింది, 2025లో జట్టు ఢిల్లీ పేరుతో వెళ్లిపోయింది. మజత్లాన్‌వాళ్లలా సంబరపడి, మొరేలియావాళ్లలా మిగిలాం, ఆరేళ్లలో రెండూ చూశాం.

ఇది ఫిఫా గుర్తింపు ఉన్న లీగు, గుర్తుంచుకోండి. సుజాత గారు చెప్పిన తలుపులన్నీ ఉన్న లీగు. అయినా కప్పు గెలిపించిన జట్టు చెల్లాచెదురు కాకుండా ఎవరూ ఆపలేకపోయారు.

గోల్‌కీపర్_సుజాత:
ఆపలేకపోయారు, ఒప్పుకుంటా. కానీ నిషేధం పడింది కదా. ఆ నిషేధం వల్లే బయటి ప్రపంచానికి అక్కడ జీతాలు ఆగాయని తెలిసింది. ఎల్‌బీఎంలో ఆటగాడు తనే వీడియో తీసి పెట్టుకుంటే తప్ప తెలియదు.

నన్నడిగితే ఇలాంటి లీగ్ మొదలుపెట్టేవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. అది విసుగ్గా, ఆకర్షణ లేకుండా ఉంటుంది, అందుకే ఎవరూ చేయరు. సీజన్ మొత్తం జీతాల డబ్బు తొలి మ్యాచ్‌కి ముందే లీగ్ ఖాతాలో జమ కావాలి, లేదా బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. క్లబ్బు నెల తప్పితే లీగే ఆ ఖాతాలోంచి ఆటగాడికి నేరుగా వేయాలి. ఇలా పెడితే ఇరవై జట్లు రావు, ఆరు వస్తాయేమో. ఆరుతో ఆడండి. ఎల్‌బీఎం ఎక్కువ నగరాల పేర్లు చూపించాలని ఆశపడింది. ఎన్సెనాదా నుంచి వహాకా దాకా జట్లు పెట్టింది. మ్యాపు తెరిచి చూడండి, ఒకటి అమెరికా సరిహద్దు పక్క పసిఫిక్ ఒడ్డున, ఒకటి దక్షిణాన. కోవిడ్ కాలంలో ఆ ప్రయాణ ఖర్చు ఏ చిన్న ఓనర్ మోస్తాడు?

ఉత్తరాంధ్ర_ఫార్వర్డ్:
ఆరు జట్ల లీగుని జాతీయ లీగ్ అని ఎవరు నమ్ముతారు సుజాత గారు? స్పాన్సర్ దగ్గరికి వెళ్లి ఆరు ఊళ్ల పేర్లు చెప్తే తలుపు తీస్తాడా?

గోల్‌కీపర్_సుజాత:
బోలెడు ఊళ్ల పేర్లు చెప్పి, డిసెంబర్‌కి వాటిలో కొన్ని కొట్టేసి, మళ్లీ అదే స్పాన్సర్ దగ్గరికి వెళ్తే తీస్తాడా?

ఉత్తరాంధ్ర_ఫార్వర్డ్:
దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి మాత్రం పట్టుకునే ఉంటా. సాల్సిదో పేరు లేకపోతే ఆ ఆరు జట్లు కూడా వచ్చేవి కావు. ఆటగాళ్లు నమ్మింది బ్యాంకు ఖాతాను కాదు, జీతం కోసం పోరాడిన జట్టులోంచి వచ్చిన మనిషిని. మీ లెక్క సరైనదే కావచ్చు, అయితే ఆ నమ్మకం లేకుండా తొలి మ్యాచే జరగదు.

గోల్‌కీపర్_సుజాత:
ఆ నమ్మకమే నాకు భయం. ఓనర్ చెప్తే ఆటగాడు రాతపూర్వకంగా ఇవ్వమంటాడు. తోటి ఆటగాడు చెప్తే అడగడు.

డల్లాస్_చంద్రం:
మీ ఇద్దరి మధ్య నేను రాను గానీ, ఇటీవలి సంగతి ఒకటి. 2025లో ఎక్స్‌పాన్షన్ క్లబ్బులు కొన్ని ఎక్కడం, దిగడం మళ్లీ పెట్టమని స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు గడప తొక్కాయి. ఎల్‌బీఎం వాళ్లు బయటికెళ్లి చేయాలనుకున్నదాన్ని వీళ్లు లోపల ఉండి, వకీలు ద్వారా చేయాలని చూశారు. ఇక పైవాళ్ల సంగతంటారా, కొన్ని కంపెనీల చేతిలో రెండేసి క్లబ్బులు ఉండేవి. పచూకాదీ లెయోన్‌దీ ఒకే ఇల్లు కావడం వల్లే కదా లెయోన్‌ని 2025 క్లబ్ వరల్డ్ కప్ నుంచి తీసేసింది ఫిఫా. గెలిచి అర్హత తెచ్చుకున్న ఆటగాళ్లు ఇంట్లో కూర్చున్నారు.

బెజవాడ_బాల్‌బాయ్:
వెరాక్రూజ్ గాల్లోనే ఏదో ఉంది లెండి. 1946లో అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్లను డబ్బు పోసి మెక్సికన్ లీగ్‌కి లాక్కొచ్చిన హోర్హె పాస్కెల్ కూడా వెరాక్రూజ్ వాడే. వెళ్లినవాళ్లకు అమెరికా వాళ్లు ఐదేళ్ల నిషేధం వేసి, 1949లో తీసేశారు. దాని మీద రాయమంటే రాత్రంతా రాస్తా. ఇక్కడ పెట్టొచ్చా మోడ్ గారూ?

మోడరేటర్_2:
ఇతర క్రీడల విభాగంలో పెట్టండి. అక్కడ ఎవరూ బేస్‌బాల్ మీద రాయలేదు ఇంతవరకు.

ఓరుగల్లు_10:
పెట్టినంక లింకు ఈడ పడెయ్ అన్నా.